దీవిలో మా చెల్లెలి నిద్ర

నా చెల్లెలి మొగుడు పోయిన మూడో నెలలో నేను దాన్ని అండమాన్ తీసుకెళ్ళాను. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నోరు తెరుస్తారు. తర్వాత మనిషిని బట్టి "మంచి పని చేశారు" అని గానీ, "అయ్యో, అదేం పని" అని గానీ అంటారు. మంచి పని అన్నవాళ్ళలో ఎక్కువమంది బడిలో నాతో పనిచేసిన టీచర్లు. అక్క అంటే మీలా ఉండాలి అని కూడా అన్నారు. ఆ మెప్పును నేను చాలా రోజులు వద్దనకుండా పుచ్చుకున్నాను. అందుకే ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వాళ్ళది కమలాపురం దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట. ఒకరోజు పొద్దున చెట్ల మధ్య డ్రిప్పు పైపులు చూసుకుంటూ ఆయన కూలబడ్డాడు. కడప ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. దినాలు ముగిశాక చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. పెళ్ళయిన కూతురు కూడా అత్తగారింటికి వెళ్ళిపోయింది. చెల్లెలు ఆ ఇంట్లో ఒక్కతే మిగిలింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. మొగుడు పోయిన ఆడమనిషి దినాలయ్యాక ముందు పుట్టింటికి వెళ్ళి ఒక రాత్రి పడుకుని రావాలి. దాన్ని నిద్ర చేయడం అంటారు. పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి, కడుపునిండా అన్నం పెట్టాలి, పొద్దున్నే తలకు పోసి పంపాలి. అది అయ్యేదాకా ఆమె ఇంకెవరి గడపా తొక్కదు. పక్కింట్లో శుభం జరిగినా, అశుభం జరిగినా వాకిట్లోనే నిలబడి రెండు మాటలు మాట్లాడి వచ్చేయాలి. ఆ ఒక్క రాత్రి గడిస్తే మళ్ళీ ఎక్కడికైనా పోవచ్చు, ఎవరింట్లోనైనా కూర్చోవచ్చు.

మాకు అమ్మానాన్న లేరు, అన్నదమ్ములు లేరు. పుట్టిల్లు అంటే ఇక కర్నూలు పక్కన కల్లూరులో ఉన్న నా ఇల్లే. నేను తీసుకెళ్తే తప్ప నా చెల్లెలు నలుగురిలోకి రాలేదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సైన్సు చెప్పాను. గ్రహణం రోజు పిల్లల్ని బడి ఆవరణలో కూర్చోబెట్టి ఇడ్లీలు తినిపించిన మనిషిని. ఆ పని చేసినందుకు ఇద్దరు తల్లులు నా మీదికి పోట్లాటకు వస్తే వాళ్ళకు కూడా రెండు ఇడ్లీలు ఇవ్వబోయాను. నిద్ర చేయడం అన్నది నా లెక్కలో ఒట్టి పిచ్చి. అయినా చెల్లెలికి అది కావాలి కాబట్టి చేయిద్దామనుకున్నాను. శుక్రవారం కారు తీసుకుని వస్తానని చెప్పాను కూడా. గురువారం మా వియ్యపురాలు ఫోన్ చేసింది. నా కోడలికి అప్పుడు ఆరో నెల.

"వదినా, నేను చెప్తే బాగుండదు గానీ, కడుపుతో ఉండే బిడ్డ తిరిగే ఇంట్లో ఆయమ్మతో నిద్ర చేయించాకండి. కాన్పు అయినాక మీ ఇష్టం. అందాక ఆగండి" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఈ కాలంలో కూడా ఇవేం మాటలు అని కడిగేద్దామనుకున్నాను. నా నోట్లోంచి వచ్చింది మాత్రం "సరేలే వదినా, చూద్దాం" అన్న మాట. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే దిగ్భ్రాంతి కలిగింది. కోడలికి మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. వియ్యపురాలు ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకుండానే నాకు గుర్తొచ్చింది.

చెల్లెలికి ఫోన్ చేసి ఇంటికి రంగులు వేయిస్తున్నామని అబద్ధం చెప్పాను.

"ఎన్ని దినాలు పడతాదక్కా?"

"శానా దినాలు పట్టేట్టుండాది మే. వాసనకు ముక్కు బద్దలైతాంది."

"సరేలే. నాకేం తొందర" అంది. దానికి తొందర ఉందని నాకు తెలుసు. ఎదురింటావిడ కూతురికి పెళ్ళి కుదిరితే వాకిట్లో నిలబడి చూసి వచ్చానని అంతకు ముందురోజే చెప్పింది.

ఒంటిమిట్టలో గుడి దగ్గర సత్రంలో ఒక రాత్రి పడుకోబెట్టి తీసుకురమ్మని మా ఆయన సలహా ఇచ్చాడు. దేవుడి దగ్గర నిద్ర చేస్తే ఎవరూ వంక పెట్టరు కదా అన్నాడు. చెల్లెలు ఒప్పుకోలేదు. "సత్రంలో నాకు అన్నం ఎవురు పెడతారక్కా?" అని అడిగింది. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చిందని నేను మురిసిపోయాను. రిటైరయ్యాక ఎక్కడైనా ఒక దీవికి పోయి నాలుగు రోజులు ఊరికే కూర్చోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. మా ఆయనకు ఓడ అంటే భయం. చెల్లెల్ని తీసుకుపోతే నా కోరికా తీరుతుంది, దాని నిద్రా అయిపోతుంది, మా ఇంటి సంగతీ ఎత్తక్కర్లేదు. అది ససేమిరా అంటుందనుకుని నచ్చజెప్పడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. అది "పోదాం పా" అంది. అంత తేలిగ్గా అనేసరికి ఫోన్ తెగిపోయిందేమోనని చూసుకున్నాను.

అప్పటినుంచి మూడు వారాలు నా పని దీవిలో బస వెతకడమే. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో రెండు గంటలు పోతే వచ్చే చిన్న దీవి. గోల ఉండదు, సైకిలు మీద ఒక పూటలో చుట్టి రావచ్చు అని రాశారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్ళద్దాలు పెట్టుకుని ఫోన్ ముందు కూర్చునేదాన్ని. ఇసుక ఒడ్డున గాజు తలుపుల కాటేజీలు ఉన్నాయి. కొబ్బరి చెట్ల మధ్య కొయ్యల మీద నిలబెట్టిన వెదురు గుడిసెలు ఉన్నాయి, వాటికి నిచ్చెన ఎక్కి పోవాలి. ఒకచోట సముద్రానికి ఇరవై అడుగుల దూరంలో ఈతకొలను కట్టారు. రోజు విడిచి రోజు కొళాయి వచ్చే వీధిలో కాపురముంటున్న నేను ఆ ఫొటోను పెద్దది చేసి మరీ చూశాను. అక్కడ దిగినవాళ్ళు రాసిన అభిప్రాయాలైతే మరీ విడ్డూరం. తెల్లారుజామున కోడి కూసిందని ఒకాయన నక్షత్రాలు తగ్గించాడు. నిశ్శబ్దం మరీ ఎక్కువగా ఉందని ఇంకొకావిడ తగ్గించింది.

నచ్చినవన్నీ చెల్లెలికి వాట్సాప్‌లో పంపి, సాయంత్రం ఫోన్ చేసేదాన్ని.

"చూసినావా? మంచం మింద పండుకోనే సముద్రం చూడొచ్చంట."

"ఆడ ఎవురుంటారక్కా?"

"ఎవురూ ఉండరు. అదే గదా గొప్ప. మనిషి జాడ ఉండదంట."

"ఎవురూ లేకుంటే నిద్రెట్లైతాది? అన్నం ఎవురు పెడతారు?"

"బఫే ఉంటాదే. ఎంత కావాలంటే అంత మనమే పెట్టుకోవచ్చు."

"మనకు మనం పెట్టుకునేదానికి అంత దూరమేంటికి?" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. లోకంలో ఎవరూ మొదటి నిద్రకు విమానం ఎక్కి ఉండరు, దీనికి అక్క చేస్తున్న ఘనకార్యం కనిపించడం లేదు అనుకున్నాను. వారం పోయాక ఒకరోజు అదే ఫోన్ చేసింది. నేను పంపినవాటిలో ఒకదాన్ని ఖాయం చేసుకున్నానంది. ఏదా అని చూస్తే, ఊరికే లెక్కకు పంపినది. రేకుల ఇల్లు. పూల దుప్పటి పరిచిన రెండు మంచాలు, వాకిట్లో కోళ్ళు. కింద ఒకాయన రాసిన అభిప్రాయం: "సముద్రం కనిపించదు. ఇంటావిడ అతిగా మాట్లాడుతుంది."

"దీవికి పోయి సముద్రం కనపడని ఇంట్లో దిగుతామా? ఎవురన్నా వింటే నవ్వుతారు!" అని అరిచాను.

"నువ్వు పోయి చూసుకోని రా అక్కా. నేను ఆ ఇంట్లోనే ఉంటా" అంది. పెళ్ళిచీర కూడా నేను చూపించిందే కట్టుకున్న మనిషి అది. ఇంత మొండిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. దుఃఖంలో ఉంది, పోనీలే అని వదిలేశాను.

రాత్రి బస్సులో చెన్నై చేరి, తెల్లారుజామున విమానం ఎక్కి, అదే రోజు ఓడ దిగేసరికి మధ్యాహ్నం దాటింది. రేవు నుంచి ఆటోలో పోతుంటే సముద్రం ఆకుపచ్చగా, నీలంగా మెరిసిపోతోంది. చెల్లెలు అటు చూడలేదు. ఇటు పక్కన వంకాయ తోటలు చూస్తోంది. ఆటో ఆపించి దిగి, గట్టు పక్కన మట్టి పిడికెడు తీసి నలిపి చూసింది. "ఈ మన్నులో ఏమేసినా వస్తాది. ఆయన చూసింటే ఈడ్నే ఉండిపోదామనేటోడు" అంది. ఆయన పోయాక దాని నోట ఆయన మాట ఏడుపు లేకుండా వినడం అదే మొదలు.

ఆ ఇంటి ముందు ఆటో దిగి నేను చకచకా గేటు తీసుకుని లోపలికి పోయాను. వెనక్కి తిరిగి చూస్తే చెల్లెలు గేటు బయటే సంచి పట్టుకుని నిలబడి ఉంది. లోపల్నుంచి అరవై ఏళ్ళ ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. వాళ్ళు ఎప్పుడో బెంగాల్ నుంచి వచ్చి ఆ దీవిలో సేద్యం చేసుకుంటున్నవాళ్ళు. ఆవిడ నన్ను దాటుకుని నేరుగా గేటు దగ్గరికి పోయి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఫోన్ చేసింది నువ్వే కదూ? బయట నిలబడ్డావేం, రా" అని హిందీలో అంది.

నేను ఏ ఫోన్ అని అడిగాను. నాది పుస్తకాల హిందీ. చెల్లెలిది కమలాపురంలో గోడ పక్కనున్న ముస్లింల ఇంటితో నలభై ఏళ్ళు మాట్లాడి నేర్చుకున్న ఉర్దూ. అది నా మాటకు అడ్డు తగిలి ఏదో చెప్పబోయింది గానీ ఆవిడ ఆగలేదు.

"నీ చెల్లెలు నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. నా మొగుడు పోయి రెండు నెలలైంది, ఇంకా ఎవరింట్లోనూ అడుగుపెట్టలేదు, మొదటి రాత్రి మీ ఇంట్లో పడుకుంటాను, మీకేమైనా పట్టింపు ఉందా అని అడిగింది. రమ్మన్నాను. కాసేపటికి మళ్ళీ చేసి, ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారా అని అడిగింది. ఉంది, నా కోడలికి తొమ్మిదో నెల అన్నాను. అయితే వద్దులేమ్మా అని పెట్టేసింది. ఇక నేనే చేసి తిట్టాను. ఇల్లు నాది, రమ్మంటున్నది నేను, వద్దనడానికి నువ్వెవరు అన్నాను."

ఆవిడ నవ్వుతూ చెప్పింది. నేను మాత్రం కోళ్ళ గంప పక్కనున్న అరుగు మీద కూర్చుండిపోయాను. కడుపుతో ఉన్నవాళ్ళున్నారా అని అది అడిగింది. ఆ కారణం నేను దానికి చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. అది తెలిసే అడిగిందా, ఊరికే అడిగిందా? చెల్లెలి ముఖంలోకి చూస్తే అది సంచి లోపల పెట్టే పనిలో ఉంది.

పొద్దుగూకుతుండగా ఆవిడ మాకు అన్నం పెట్టింది. అన్నం, పప్పు, కొబ్బరి పాలు పోసి వండిన చేపల కూర. నిండు కడుపుతో ఉన్న ఆ కోడలు స్టూలు లాక్కొచ్చుకుని చెల్లెలి పక్కనే కూర్చుని, మీ ఊళ్ళో సముద్రం లేదా, మరి ఏముంది అని ఒకటే ప్రశ్నలు. చెల్లెలు మేం తెచ్చిన చెనిక్కాయల పొడి ఆ పిల్ల కంచంలో వేసి, నెయ్యి వేసుకుని కలుపుకోమంది. తను మారు వడ్డించుకుని తింది. రెండు నెలలుగా ఇది రెండు ముద్దలు కూడా తినడం లేదని వాళ్ళ కూతురు నాకు చెప్తూ ఉండేది.

మర్నాడు పొద్దున ఆవిడే చెల్లెలికి తలకు పోసింది. పద్ధతి ఆవిడకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. తడి జుట్టు విరబోసుకుని అది సముద్రం చూద్దామంది. ఇంటి వెనక దారిలో అయిదు నిమిషాలు నడిస్తే ఒడ్డు వచ్చింది. నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. అంతటి నీళ్ళను అది తీరిగ్గా చూడడం అదే మొదటిసారి. చాలాసేపు చూసి, ఇసుకలో కూర్చుంది. దాని ముఖం తేటగా ఉంది. నేను ఇక ఆగలేకపోయాను.

"ఒక్క ఈయమ్మకే చేసినావా ఫోన్?"

"నువ్వు పంపినోళ్ళందరికీ చేసినా. ఒకడు, నేను 'మొగుడు పోయినాడు నాయనా' అంటాంటే, డబుల్ బెడ్డు కావల్నా మేడం, రెండు బెడ్లు కావల్నా అంటాడు. ఇంకొకడు సారీ అని చెప్పి, సముద్రం పక్క రూము ఇస్తానన్నాడు."

నాకు నవ్వొచ్చింది. అదీ నవ్వింది. ఆ నవ్వులోనే అడిగాను.

"ఎందుకు మే అదంతా అడగడం? హోటలోళ్ళకు ఏం పట్టింపు ఉంటాది?"

"చెప్పకుండా పోతే, తెలిసినాక గడప కాడ నిలబెడితే? అంత దూరం పోయి నిలబడేదానికి నాకు ఓపిక లేదక్కా."

"ఎవురు నిలబెడతారే నిన్ను?"

అది నా వైపు తిరిగింది. కోపం లేదు దాని ముఖంలో. అది ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నీ కోడలు ఫోన్ చేసింది నాకు. 'చిన్నత్తా, ముందర గది సర్ది పెట్టినా, శుక్రవారం వస్తావనుకుంటే రాకపోతివే' అనింది. రంగులేస్తాండారంట గదా పాపా అన్నా. 'రంగులా, యాడ?' అనింది. పాపం ఆ పిల్లకేం తెలీదు. నేనే మాట మార్చి పెట్టేసినా."

ఎండ అప్పుడే వేడెక్కుతోంది. గది సర్ది పెట్టిందట. ఎవరి కోసమైతే నేను భయపడ్డానని చెప్పుకుంటున్నానో ఆ పిల్లే గది సర్దింది. ఇన్ని రోజులూ ఇది అన్నీ తెలిసి నా ఫోన్లు ఎత్తింది. గాజు తలుపులు, వెదురు గుడిసెలు, బఫేలు అని నేను చెప్తుంటే ఊఁ కొట్టింది. నేను నోరు తెరిచి, వియ్యపురాలు ఇలా అంది, మొదటి కడుపు అలా పోయింది అని ఏదేదో చెప్పుకుపోయాను. నా గొంతు నాకే గ్రహణం నాడు పోట్లాటకొచ్చిన ఆ తల్లుల గొంతులా వినిపించింది.

"గమ్మునుండక్కా. నాకు తెలీదా? నీ స్థానంలో నేనుంటే నాకూ భయమే" అంది. తర్వాత చీర కొంగుతో తల తుడుచుకుంటూ మామూలుగా అడిగింది. "ఇంగ నిద్ర అయిపోయింది గదా. నేను ఎవురింటికైనా పోవచ్చు. పోయేటప్పుడు మీ ఇంట్లో రెండు దినాలుండి పోతా. రావల్నా?"

నేను "రా" అన్నాను. నిజంగానే అన్నాను. కానీ వెంటనే అనలేదు. నిద్ర అయిపోయింది కాబట్టి ఇప్పుడు దోషం ఉండదా, ఒక్క రాత్రికే అన్నీ పోతాయా, వియ్యపురాలికి ఏమని చెప్పాలి, కోడలికి ఎన్నో నెల, ఇవన్నీ నా తలలో ఒకదాని వెంట ఒకటి తిరిగాక అన్నాను. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన తలలో. అది నా ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

"రా అనేదానికి ఈయమ్మ ఫోన్లో ఇంతసేపు తీసుకోలేదు" అంది, అంతే. లేచి ఇసుక దులుపుకుని ఆ ఇంటివైపు నడిచింది.

మిగిలిన మూడు రోజులు అది ఆ ఇంట్లో సంతోషంగానే ఉంది. ఆ కోడలికి జడలు వేసింది, వంకాయలు కోసుకొచ్చి మా పద్ధతిలో నువ్వులు వేసి గుత్తి వంకాయ వండి పెట్టింది. నాతో మాట్లాడడం మానలేదు. ఊరికి పోయాక వచ్చే సంగతి మాత్రం నేనూ ఎత్తలేదు, అదీ ఎత్తలేదు.

చెన్నైలో పొద్దున్నే కర్నూలు బస్సు ఎక్కాం. టికెట్లు ఇద్దరికీ కర్నూలు దాకా నేనే తీశాను. బస్సు మధ్యాహ్నం కడపలో ఆగింది. అది లేచి పైనున్న సంచి తీసుకుంది.

"యాడికి మే? కర్నూలుకు టికెట్ తీసినా గదా?" అన్నాను.

"తోటకు నీళ్ళు ఎట్ల కడతాండారో చూడల్ల అక్కా. ఇంగోసారి వస్తాలే" అంది.

నేను సీట్లోంచి సగం లేచాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టవచ్చు, అది కూర్చునేదే. పట్టుకోలేదు. అది దిగి కమలాపురం బస్సులు ఆగే వైపు నడిచింది, వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపింది. బస్సు కదిలి ఊరు దాటాక నేను గట్టిగా ఊపిరి వదిలాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. నాకు కలిగింది ఊరట. అది ఊరట అని తెలిసిన క్షణంలో, ఆ నిండు బస్సులో, నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.